అరగంటకో ప్రాణం

గూగుల్‌లో సూళ్లూరుపేట అని కొట్టి చూడండి. ముందు రాకెట్టు కనిపిస్తుంది, దాని వెనకే ఒక సినిమా హాలు. మా ఊళ్లో ఇవి కాక ఇంకా చాలానే ఉన్నాయి. చెంగాళమ్మ గుడి ఉంది, కాళంగి ఉంది, చలికాలంలో పులికాట్ నీళ్లలో ఒంటికాలి మీద నిలబడే ఫ్లెమింగోలున్నాయి, వాటి పేరు మీద జరిగే పండగ ఉంది. అయినా ఇంటర్నెట్‌కి ఎందుకో పెద్ద వస్తువులంటేనే మోజు. అటు శ్రీహరికోట, ఇటు హైవే పక్కన వి ఎపిక్ థియేటరు. 2019 ఆగస్టు 30న 'సాహో'తో మొదలైన ఆ హాల్లో తెర వెడల్పు 106 అడుగులట. ఆసియాలోకెల్లా పెద్దదని కొందరు రాశారు, ప్రపంచంలో మూడోదని కొందరు.

అప్పట్నుంచీ ఒక వింత యాత్ర మొదలైంది. మద్రాసు నుంచీ బెంగుళూరు నుంచీ కుర్రాళ్లు వచ్చి, ఆ తెర ముందు చేతులు బార్లా చాపి నిలబడి, దాని ముందు తామెంత చిన్నగా ఉన్నారో ఫొటో తీయించుకుని, నెట్‌లో పెట్టుకుని పోతారు. కొండకి నడిచిపోయే వాళ్లకున్నంత నిష్ఠ! ఊళ్లోకి మాత్రం అడుగు పెట్టరు. ప్రపంచానికి తెలిసిన సూళ్లూరుపేట హైవే మీదే ఉంది.

నాకు సినిమాలంటే చిన్నచూపేమీ లేదు. ఆ తెర మీద 'ఆర్ఆర్ఆర్' చూసి నోరు వెళ్లబెట్టినవాళ్లలో నేనూ ఒకదాన్ని. ఆ రోజు మాతో వచ్చిన మా చిన్నమ్మ హాలు బయట నిలబడి అటూ ఇటూ చూసి, "లేడీస్ కౌంటరు యాడుందే పాపా?" అని అడిగింది. అందరూ నవ్వారు. ఆ ప్రశ్న మాత్రం నన్ను చాలా రోజులు వదల్లేదు.

మీలో నా వయసువాళ్లకీ నాకంటే పెద్దవాళ్లకీ లేడీస్ కౌంటరు గుర్తుండే ఉంటుంది. మగవాళ్ల క్యూ మెలికలు తిరిగి రోడ్డు మీదికొస్తే, పక్కన సన్నటి గోడసందులో ఆడవాళ్ల క్యూ. చెమట, మల్లెపూలు, చంకలో పిల్లలు. అంట్లు తోమేసి, వీధిలో నలుగురైదుగురు ఒకళ్లనొకళ్లు కేకేసుకుని మ్యాట్నీకి పోయేవాళ్లు. వెంట మగతోడు అక్కర్లేదు. చేతిలో పోపుల డబ్బాలోంచి తీసిన నాలుగు రూపాయలుంటే చాలు. ఆ సందు మురికిది, తొక్కిసలాటది, దాన్ని ఇప్పుడు ముద్దు చేయక్కర్లేదు. కానీ అది ఆడవాళ్ల పేరు రాసిపెట్టిన కిటికీ. ఆన్‌లైన్ బుకింగ్ వచ్చి దాన్ని చప్పుడు లేకుండా మూసేసింది. ఇప్పుడు చిన్నమ్మ సినిమాకి పోవాలంటే స్మార్ట్‌ఫోను కావాలి, దాంట్లో యూపీఐ కావాలి, దాని వెనక బ్యాంకు ఖాతా కావాలి, ఇవన్నీ చేసిపెట్టే కొడుక్కి తీరికా మనసూ ఉండాలి. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే ప్రకారం ఆంధ్రప్రదేశ్‌లో 15-49 ఏళ్ల ఆడవాళ్లలో జీవితంలో ఒక్కసారైనా ఇంటర్నెట్ వాడినవాళ్లు 21 శాతం. మగవాళ్లలో 48.8 శాతం. చిన్నమ్మకి అప్పటికే అరవై దాటాయి కాబట్టి ఆ లెక్కలోకి కూడా రాదు.

రాకెట్టు సంగతి వేరు. దానికి టికెట్టు లేదు, మేడెక్కితే చాలు. 2023 జూలై 14 మధ్యాహ్నం 2:35కి చంద్రయాన్-3 లేచినప్పుడు మా వీధి మొత్తం మేడల మీదే ఉంది. ప్రతివాళ్ల చేతిలోనూ ఫోను, ఫోన్లో ప్రత్యక్ష ప్రసారం. నెట్‌లో వచ్చేది కొన్ని సెకన్లు వెనకబడి వస్తుంది. ఫోన్లో గొంతు ఇంకా అంకెలు లెక్కపెడుతూనే ఉంది, తూర్పున నిప్పు అప్పటికే లేచింది! చప్పుడు నిమిషం తర్వాతగానీ రాదు, అది వచ్చినప్పుడు కిటికీ రెక్కలు గలగలలాడతాయి. 'ప్రత్యక్షం' అనే మాట మీద నాకున్న కాస్త నమ్మకం ఆ మేడ మీదే పోయింది.

ఏళ్ల తరబడి ఆ అంకెలు లెక్కపెట్టిన గొంతు వలర్మతిగారిది. ఆగస్టు 23న విక్రమ్ చంద్రుడి మీద దిగుతుంటే యూట్యూబ్‌లో ఒకేసారి 80 లక్షలమందికి పైగా చూశారని గొప్పగా చెప్పుకున్నాం. సెప్టెంబరు మొదట్లో ఆమె చనిపోయారు. అప్పుడుగానీ ఆ గొంతుకి ఒక పేరుందని మనలో చాలామందికి తెలియలేదు. అంతకు తొమ్మిదేళ్ల ముందు, 2014 సెప్టెంబరు 24న మంగళయాన్ కక్ష్యలోకి చేరినప్పుడు, బెంగుళూరులో పట్టుచీరలు కట్టి పూలు పెట్టుకున్న ఆడవాళ్లు ఒకరినొకరు పట్టుకుని నవ్వుతున్న ఫొటో ప్రపంచమంతా తిరిగింది. తర్వాత, ఫొటోలో ఉన్నవాళ్లు శాస్త్రవేత్తలు కారు, పరిపాలన విభాగంలో పనిచేసేవాళ్లు అని తేలింది. మంగళయాన్ మీద పనిచేసిన మహిళా శాస్త్రవేత్తలు వేరే ఉన్నారు, వాళ్ల పేర్లు బయటికి రావాల్సిందే. కానీ ఆ సంగతి తెలిసినప్పుడు మా స్టాఫ్ రూములో ఒకాయన "ఓస్, క్లర్కులేనా!" అన్నాడు. జీతాల బిల్లులు చేసిన ఆవిడ రాకెట్టు మీద ఆశ పెట్టుకోకూడదా? నవ్వడానికి కూడా పీహెచ్‌డీ ఉండాలా?

ఎవరి సంతోషానికి ఎంత హక్కుందో నాకు తొలిసారి తెలిసింది టీవీ గేమ్ దగ్గర. తొంభైల మొదట్లో మా నాన్న మద్రాసు బర్మా బజార్ నుంచి ఒకటి తెచ్చాడు. పసుపుపచ్చ కేసెట్టు మీద '9999 ఆటలు' అని రాసుండేది, లోపల ఉన్నవి ఏడో ఎనిమిదో, అవే పేర్లు మార్చుకుని మళ్లీ మళ్లీ వచ్చేవి. రెండు రిమోట్లు. మొదటిది అన్నది, రెండోది నాది. దీన్ని ఇంట్లో ఎవరూ నిర్ణయించలేదు, వర్షం పడ్డట్టు సహజంగా జరిగిపోయింది. ఆ రెండో రిమోట్‌కి స్టార్ట్ బటను ఉండేది కాదు. ఇది నేను పోలిక కోసం అల్లి చెబుతున్నది కాదు. జపాన్‌లో నింటెండో 1983లో తెచ్చిన అసలు యంత్రంలోనే రెండో రిమోట్‌కి ఆ బటను లేదు, దాన్ని చూసి చేసిన నకిలీలూ చాలావరకు అలాగే వచ్చాయి. ఆట మొదలుపెట్టడం, ఆపడం, మళ్లీ మొదలుపెట్టడం అన్నీ మొదటి రిమోట్‌వాడి చేతిలోనే. పైగా మారియో ఆటలో మొదటివాడు చస్తేగానీ రెండోవాడికి వంతు రాదు. మా అన్న బాగా ఆడేవాడు. నేను కూర్చుని వాడు చచ్చిపోవాలని దేవుడికి దండం పెట్టుకునేదాన్ని.

ఎనిమిది లోకాలు దాటితేగానీ రాకుమారి దొరకదు. ప్రతి కోట చివరా ఆమె ఇక్కడ లేదు, వేరే కోటలో ఉందని చెబుతారు. 'ఆమె అంతసేపూ ఏం చేస్తుంటుంది?' అని నేను అడిగితే 'ఏం చేస్తుంది, ఎదురుచూస్తుంటుంది' అన్నాడు అన్న. చాలా ఏళ్ల తర్వాత, 2013లో, అనితా సర్కీసియన్ ఈ రక్షించబడే రాకుమారుల మీదే వరసగా వీడియోలు చేస్తే ఆశ్చర్యం కలగలేదు. ఆమెకి వచ్చిన బెదిరింపులు చూసి మాత్రం వెన్ను జలదరించింది. 2014 అక్టోబరులో అమెరికాలోని యూటా స్టేట్ యూనివర్సిటీలో ఆమె మాట్లాడాల్సిన సభకి వచ్చి కాల్పులు జరుపుతామని ఉత్తరం వస్తే, సభలోకి తుపాకులు రాకుండా ఆపలేమని పోలీసులంటే, ఆమె ఆ సభ మానుకోవలసి వచ్చింది. బొమ్మల ఆటలో రాకుమారి గురించి మాట్లాడినందుకు!

తర్వాత నెట్ సెంటర్లొచ్చాయి. ప్లైవుడ్ గదుల్లో మగపిల్లలు 'వైస్ సిటీ' పెట్టుకుని కార్లు దొంగిలిస్తూ గంటలు గడిపేవాళ్లు. ఆడపిల్ల గుమ్మంలో కనపడితే, నోరు విప్పకముందే కౌంటర్లో మనిషి "రిజల్ట్సామ్మా? నంబరు చెప్పు" అనేవాడు. పాపం, మర్యాదగానే. ఆడపిల్లకి పనుంటేనే వస్తుందని అతని నమ్మకం. ముంబై వీధుల గురించి శిల్పా ఫడ్కే, సమీరా ఖాన్, శిల్పా రనడే కలిసి రాసిన 'వై లాయిటర్' (2011) చదివినప్పుడు నాకు ఆ కౌంటరే గుర్తొచ్చింది. ఆడది వీధిలో కనపడాలంటే చేతిలో ఒక పని కనపడాలి, సంచో, పుస్తకమో, పిల్లాడో. ఊరికే తిరిగే హక్కు గురించి వాళ్లు రాశారు. నెట్‌లోనూ అంతే. దారి తప్పి ఒకచోటి నుంచి ఇంకోచోటికి పోతూ, పనికిరానివన్నీ చూస్తూ కాలం పాడుచేసుకునే హక్కు కూడా ఉంటుందని ఆ వయసులో మాకెవరూ చెప్పలేదు.

ఆ తర్వాత ఫోన్లొచ్చాయి, మా పక్కనే తయారవుతూ కూడా వచ్చాయి. 2015 ఆగస్టులో శ్రీసిటీలోని ఫాక్స్‌కాన్ ప్లాంటులో షియోమి తన మొదటి 'మేడిన్ ఇండియా' ఫోను, రెడ్‌మి 2 ప్రైమ్, చేయించింది. ఆ లైన్లలో పనిచేసేవాళ్లు చాలామంది ఆడపిల్లలే, చుట్టుపక్కల ఊళ్లవాళ్లే. తెల్లారకముందే హైవే మీద కంపెనీ బస్సుల కోసం నిలబడ్డ అమ్మాయిల్ని చూస్తే, పొలానికి పోవాల్సిన పిల్లలు ఇలా మళ్లారనిపిస్తుంది. నా దగ్గర డిగ్రీ మధ్యలో ఆపేసి శ్రీసిటీలో ఒక కంపెనీలో చేరిన ఒకమ్మాయి, మొదటి మూడు జీతాలతో సొంతంగా ఫోను కొనుక్కుంది. టిక్‌టాక్‌లో పాత సినిమాల్లో గయ్యాళి అత్తల డైలాగులకి పెదాలు కదుపుతూ, బస్సు కోసం నిలబడ్డ చోటే వీడియోలు చేసేది. ఎంత బాగా చేసేదంటే, నేను క్లాసు నోట్సు రాసుకుంటూ మధ్యలో ఆపి చూసి పడీపడీ నవ్వేదాన్ని. వేలమంది చూసేవాళ్లు. ఒక రోజు వాళ్లన్నకి ఎవరో చూపించారు. ఫోను గోడకేసి కొట్టాడు. అతనూ టిక్‌టాక్ చేసేవాడే, బండి మీద విన్యాసాలు. 2020 జూన్ 29న ప్రభుత్వం టిక్‌టాక్‌ని నిషేధించినప్పుడు దేశభద్రత గురించి పేజీలకు పేజీలు రాశారు. ఈమెకి అప్పటికే ఆరు నెలల ముందు నిషేధం వచ్చేసింది. అతను ఇన్‌స్టాకి మారాడు. ఆమె మేనబావని పెళ్లి చేసుకుని గూడూరు వెళ్లిపోయింది. ఇప్పుడు తన ఫోనుకి రెండు తాళాలు వేస్తానని చెప్పింది.

వయసులో ఉన్నవాళ్ల మీద అనుమానమైతే, వయసు మళ్లినవాళ్ల మీద ఎగతాళి. 'వాట్సాప్ ఆంటీ' అనే మాట మీరూ వినే ఉంటారు. నిజమే, మా బంధువుల గ్రూపులో ప్రతి దీపావళికీ అంతరిక్షం నుంచి నాసా తీసిన భారతదేశం అంటూ రంగురంగుల ఫొటో వస్తుంది. అది పండగ రాత్రి ఫొటో కాదు, ఏళ్ల తేడాతో పెరిగిన దీపాల్ని రంగుల్లో చూపడానికి ఉపగ్రహ చిత్రాలు కలిపి చేసిన పటమని నాసావాళ్లే 2012లో చెప్పారు. రాకెట్ల ఊళ్లో ఉంటూ మాకు ఈ ఖర్మేమిటా అనుకుంటాను. అయితే మా గ్రూపులో ఆ ఫొటో పెట్టేది ప్రతిసారీ రిటైరైన ఒక మామయ్య. పేరుపడింది మాత్రం ఆంటీలకి! పొద్దున్నే గులాబీలతో శుభోదయం పంపేవాళ్లని చూసి నవ్వేవాళ్లని నేనొకటే అడుగుతాను. ఆ చేతులు తరతరాలుగా తెల్లవారుజామునే వాకిట్లో ముగ్గేసి, ఎవరికని లేకుండా దారినపోయేవాళ్లందరికీ శుభోదయం చెబుతూనే ఉన్నాయి కదా? అపార్ట్‌మెంట్‌లో వాకిలి లేదు. ముగ్గు ఫోన్లోకి పోయింది.

ఇక మా చిన్నమ్మ. చిన్నాయనకి 2017లో పక్షవాతం వచ్చింది. అప్పట్నుంచీ ఆమె రాత్రులు ముక్కలుముక్కలైపోయాయి. రెండు గంటలకోసారి ఆయన్ని పక్కకి తిప్పి పడుకోబెట్టాలి, లేకపోతే పుళ్లు పడతాయి. మధ్యలో మాత్రలు, మధ్యలో నీళ్లు. అలాంటి రోజుల్లో కొడుకు తన పాత ఫోను ఆమెకిచ్చాడు, ఆస్పత్రి ఫోన్ల కోసం. కొన్ని నెలలకి కోడలు గమనించింది, రాత్రి రెండింటికీ మూడింటికీ ఆ గదిలో ఫోను వెలుగు. మాట చేతులు మారింది. చివరికి ఒక ఆదివారం ఇంట్లో పంచాయితీలాంటిది కూర్చుంది. నన్ను కూడా పిలిచారు, 'చదువుకున్నదానివి, నువ్వడుగు' అని. నేను అడగనన్నాను. కొడుకే అడిగాడు, "ఎవురితో మాట్లాడతన్నావమ్మా ఆ టయాన?" అని. అరవై దాటి, మంచంలో ఉన్న భర్తకి మూత్రం ఎత్తిపోసే మనిషిని!

చిన్నమ్మ ఏమీ అనకుండా ఫోను తెరిచి బల్ల మీద పెట్టింది. క్యాండీ క్రష్. లెవెల్ 1846.

ఒక్క క్షణం నిశ్శబ్దం, తర్వాత ఇల్లంతా నవ్వులు. నాకైతే ఆ ప్రశ్న కంటే ఆ నవ్వే కష్టంగా తోచింది. "ఈ వయసులో నీకీ పనికిమాలిన ఆటేందే" అన్నాడు కొడుకు, ఊపిరి పీల్చుకుంటూ. అప్పుడు చిన్నమ్మ అంది: "అయిదు ప్రాణాలిస్తాది నాయనా. అయిపోతే అరగంటకొకటి మళ్లా అదే ఇస్తాది, అడక్కుండానే."

ఆటలో నిజంగానే అంతే. ఓడిపోయిన ప్రతిసారీ ఒక ప్రాణం పోతుంది, ప్రతి అరగంటకీ ఒకటి తిరిగొస్తుంది. ఆగలేనివాళ్లు డబ్బులిచ్చి కొనుక్కోవాలి. మనిషిని కట్టిపడేయడానికి లెక్కలేసి చేసిన ఏర్పాటే, నాకు తెలియక కాదు. కింగ్ అనే కంపెనీ 2012లో తెచ్చిన ఆట అది. ఆ కంపెనీని 2016లో యాక్టివిజన్ బ్లిజర్డ్ 590 కోట్ల డాలర్లకి కొనుక్కుంది. అంత డబ్బు ఎవరి చేతివేళ్ల నుంచి వచ్చిందో ఊహించడం కష్టం కాదు. అయినా రెండు గంటలకోసారి లేవాల్సిన మనిషికి అరగంట ముక్కలుగా వచ్చే ఆట ఎంత కచ్చితంగా సరిపోయిందో చూస్తే, విమర్శ నోటిదాకా వచ్చి ఆగిపోతుంది. చిన్నమ్మ తన చేతి నుంచి ఒక్క పైసా కట్టలేదు. ఆగడం ఆమెకి బాగా తెలుసు.

2014 డిసెంబరులో నైజెల్ మిల్స్ అనే బ్రిటిష్ ఎంపీ పింఛన్ల మీద జరుగుతున్న పార్లమెంటు కమిటీలో కూర్చుని ఇదే ఆట ఆడుతూ కెమెరాకి దొరికిపోయాడు. క్షమాపణ చెప్పాడు, అయిపోయింది. 2023 జూన్‌లో ధోనీ విమానంలో ట్యాబ్ మీద ఇదే ఆడుతూ కనిపిస్తే దేశం మురిసిపోయింది. మూడు గంటల్లో లక్షలమంది ఆ ఆట డౌన్‌లోడ్ చేసుకున్నారని వార్తలు రాశారు, అదంతా ఒక ఉత్తుత్తి ఖాతా పుట్టించిన లెక్కని తర్వాత తెలిసింది. ధోనీ ఆడితే నిరాడంబరత. చిన్నమ్మ ఆడితే పనిలేకపోవడం.

పనిలేకపోవడమా? 2019 జాతీయ కాల వినియోగ సర్వే చూడండి. జీతం లేని ఇంటిపనిలో పాల్గొన్న ఆడవాళ్లు రోజుకి సగటున 299 నిమిషాలు దాని మీద పెట్టారు, మగవాళ్లు 97 నిమిషాలు. అసలు పాల్గొన్నవాళ్లే ఆడవాళ్లలో 81.2 శాతం, మగవాళ్లలో 26.1 శాతం. అబ్బూరి ఛాయాదేవిగారి 'సుఖాంతం' కథలో ఆవిడకి కావలసింది కాస్త నిద్ర. మన సాహిత్యంలో ఆడవాళ్ల విశ్రాంతి గురించి అంతకంటే భయపెట్టిన కథ నాకు తెలియదు. నిద్రకే దిక్కులేనప్పుడు ఆట ఎక్కడిది?

ఉండేది నిజానికి. చిన్నమ్మ పెద్దమనిషైనప్పుడు పదిహేను రోజులు గడప దాటనివ్వకుండా మూల కూర్చోబెట్టి, చేతికి వామనగుంటల పీటా చింతగింజలూ ఇచ్చారట. ఆ పదిహేను రోజుల్లో వీధిలో ఆడపిల్లలందర్నీ ఓడించిందట. ఏ గుంటలో ఎన్ని గింజలున్నాయో చూడకుండా చెప్పగలిగేది. "తరవాత పెండ్లయింది, పీట మా అత్త పొయ్యిలో పెట్టింది" అంటుంది, కోపమేమీ లేకుండా. క్యాండీ క్రష్‌లో నాలుగు ఎత్తుల ముందుకి ఆలోచించడం ఎవరు నేర్పారని అడిగితే, ఎవరూ నేర్పలేదంటుంది.

పంచాయితీ తర్వాత కొన్నాళ్లు ఆమె దుప్పటి ముసుగులో ఆడింది. తర్వాత ముసుగు కూడా తీసేసింది. చిన్నాయన పోయి రెండేళ్లయింది. నెలమాసికాలయ్యేదాకా ఫోను ముట్టుకోలేదు, ఎవరూ చెప్పలేదు, తనంతట తనే. ఇప్పుడు మధ్యాహ్నం పూట అరుగు మీద, అందరికీ కనపడేలా కూర్చుని ఆడుతుంది. ఎదురింటి రమణమ్మక్కకి కూడా నేర్పింది. మనవరాలు ఇద్దరికీ ఫేస్‌బుక్ ఖాతాలు తెరిచి కలిపింది. వీధికి ఆ వైపునుంచి ఆమె "ప్రాణాలైపోయినాయి వదినా" అని కేకేస్తే, ఈ వైపునుంచి చిన్నమ్మ ఒకటి పంపిస్తుంది.